సున్నం పడ్డ కంటికి స్లెట్ ఆపరేషన్: చేయించుకునే ముందు మా అనుభవం చదవండి

కంట్లో సున్నమో యాసిడో పడి, నల్లగుడ్డు మీదికి ఎర్రటి నరాలతో పొర పాకినవాళ్ళకి స్లెట్ అనే ఆపరేషన్ చేస్తారు. కంటి అంచున ఉండే మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ను, బాగున్న కంటి నుంచి తీసి పాడైన కంటి మీద పెట్టడం. మా ఆయన ఎడమ కంటికి ఇది చేయించి ఏడాది దాటింది. అప్పట్లో దీని గురించి ఫోన్లో ఎంత వెతికినా, చేయించుకున్నవాళ్ళు తెలుగులో రాసింది మాకు ఒక్కటీ దొరకలేదు. ఫ్రిజ్ కొనాలన్నా పది రివ్యూలు చదువుతాం కదా, కంటికి కత్తి పెట్టించుకునేవాళ్ళకి ఒక్కటైనా ఉండాలని రాస్తున్నాను. ఈ ఆపరేషన్ ఇప్పుడు చాలా చోట్ల చేస్తున్నారు కాబట్టి ఆసుపత్రి పేరు పెట్టడం లేదు. ఆపరేషన్ గురించే చెబుతాను.

మాది ఖమ్మం. మా ఆయన పెయింటింగ్ మేస్త్రి. టౌన్లో అందరూ ఎమల్షన్లే వేయిస్తున్నారు గానీ, పల్లెల్లో ప్రహరీ గోడలకీ గుళ్ళకీ పండగ ముందు ఇంకా సున్నమే కొట్టిస్తారు. రాళ్ళ సున్నం డ్రమ్ములో వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడుకుతుంది. కర్రతో కలుపుతుంటే ఒక ముద్ద ఎగిరొచ్చి ఎడమ కంట్లో పడింది. అక్కడున్న పెద్దావిడ ఒకామె ఆముదం వెయ్యమందట. పనిలో ఉన్న కుర్రాడు మాత్రం ఎవరి మాటా వినకుండా ఆయన్ని బోరు దగ్గర కూర్చోబెట్టి, రెప్పలు విడదీసి, నీళ్ళు ఆపకుండా కొట్టాడు. తర్వాత మేం కలిసిన ప్రతి డాక్టరూ ఆ కుర్రాడి గురించి అడిగి మరీ మెచ్చుకున్నారు. సున్నం క్షారం. యాసిడ్ చాలావరకు పైనే కాల్చి ఆగుతుంది, క్షారం మాత్రం కంటి పొరల్లోంచి లోపలికి దిగుతూ పోతుంది. కనీసం పావుగంట, వీలైతే అరగంట మంచినీళ్ళతో కడగాలి. ఆ తర్వాతే ఆటో, ఆ తర్వాతే ఆసుపత్రి. అక్కడ కూడా పైరెప్ప తిప్పి, లోపల ఇరుక్కున్న సున్నపు రేణువులు తీశారా లేదా అని అడగండి. ఒక్క రేణువు మిగిలినా అది కరుగుతూ కాలుస్తూనే ఉంటుంది.

కిళ్ళీ కొట్లలో అమ్మే చిన్న సున్నం ప్యాకెట్లున్నాయి చూశారా, వాటిని పిల్లల చేతికి అందనివ్వకండి. నొక్కితే పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతాయి. తర్వాత హైదరాబాద్ ఆసుపత్రిలో మా పక్కన కూర్చున్న తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు ఆ ప్యాకెట్ వల్లే పిల్లల్ని తీసుకొచ్చారు.

ఇక అసలు సంగతి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట గుండ్రంగా ఒక అంచు ఉంటుంది. డాక్టర్లు దాన్ని లింబస్ అంటారు. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే భాగం కార్నియా. దాని మీద ఉండే సన్నని పైపొర రోజూ కొంచెం కొంచెం రాలిపోతూ, కొత్తగా వస్తూ ఉంటుంది. ఆ కొత్త పొరను తయారుచేసే మూలకణాలు ఉండేది ఈ అంచులోనే. ఇంకో పని కూడా వాటిదే: తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు లోపలికి రాకుండా ఆపడం. సున్నం ఆ అంచును చుట్టూ కాల్చేస్తే పైపొర పుట్టదు, తెల్లగుడ్డు పొర నరాలతో సహా నల్లగుడ్డు మీదికి వచ్చేస్తుంది. మా ఆయనకి జరిగింది ఇదే. కన్ను ఎప్పుడూ ఎర్రగా ఉండేది, వెలుతురు చూస్తే నీళ్ళు ధారగా కారేవి. ఊళ్ళో వాళ్ళంతా "కంట్లో పువ్వేసింది" అన్నారు. మామూలు పువ్వయితే కార్నియా మారిస్తే పోతుంది. ఇది అలాంటిది కాదు.

ఇక్కడే నాకు కడుపు మండే విషయం చెప్పాలి. మేం మొదట వెళ్ళిన ఆసుపత్రిలో (పేరు వద్దు) కార్నియా మార్చేస్తే చూపు వస్తుందన్నారు. ఐ బ్యాంకు నుంచి కార్నియా దొరికింది, మార్చారు. కట్టు విప్పిన కొత్తలో నల్లగుడ్డు తేటగా కనిపించి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నెలలు గడిచేకొద్దీ అంచు నుంచి నరాలు మళ్ళీ పాకాయి, కొత్త కార్నియా కూడా మసకబారింది. కారణం తర్వాత తెలిసింది. దాత కార్నియాతో పాటు వచ్చే పైపొర కొంతకాలమే ఉంటుంది. అది రాలిపోయాక కొత్త పొర మన కంటి అంచు నుంచే రావాలి. ఆ అంచే కాలిపోయి ఉంటే ఎన్ని కార్నియాలు మార్చినా అదే కథ. చనిపోయిన వాళ్ళింట్లో అంత దుఃఖంలో ఉండి కూడా ఎవరో కళ్ళు దానం చేస్తే వచ్చిన కార్నియా అది. అంచు పరీక్ష చెయ్యకుండా దాన్ని వాడేశారు. డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ కుటుంబం తలపుకొచ్చినప్పుడే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి ఈ రివ్యూలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి: కాలిన కంటికి కార్నియా మారుస్తామని ఎవరైనా అంటే, "లింబస్ చూశారా, స్టెమ్ సెల్స్ ఎంతవరకు మిగిలాయి?" అని అడగండి. ముందు అంచు బాగవ్వాలి, కార్నియా సంగతి ఆ తర్వాత. రెండూ ఒకేసారి చేసిన కళ్ళలో ఆపరేషన్ విఫలమవడం ఎక్కువని ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్న డాక్టర్లే రాశారు.

ఆ తర్వాత హైదరాబాద్ వెళ్ళాం. అక్కడి డాక్టర్ గారు స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దదిగా చేసి చూసే యంత్రం, ముందు కూర్చోబెట్టి చూసి, ఆ బొమ్మ స్క్రీన్ మీద నాకూ చూపించారు. "చూడమ్మా, ఈ గీత చుట్టూ ఎక్కడా అంచు కనబడటం లేదు. నరాలన్నీ లోపలికి వచ్చేశాయి" అన్నారు. మేం పొలం ఉన్నవాళ్ళమని తెలిసి, ఆపరేషన్ గురించి కూడా పొలం భాషలోనే చెప్పారు. మంచి కంటి అంచు నారుమడి అనుకోమన్నారు. అందులోంచి గుప్పెడు నారు పీకి, చిన్న చిన్న కుదుళ్ళుగా విడదీసి, దమ్ము చేసిన మడిలో దూరం దూరంగా నాటితే కొన్నాళ్ళకి మడంతా పచ్చబడుతుంది కదా, ఇదీ అంతే అన్నారు. మా ఆయనకి టక్కున అర్థమైంది. ఆయన అడిగిన ప్రశ్న కూడా అలాంటిదే: "మరి నారుమడి ఖాళీ అవదా సార్?"

నా భయమూ అదే. ఉన్న ఒక్క మంచి కన్ను ముట్టుకుంటామంటే ఎవరికి నిద్ర పడుతుంది? నేను వద్దనే అన్నాను. వాళ్ళు ఓపికగా చెప్పారు. తీసేది 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క. పైరెప్ప కింద దాగి ఉండే చోటు నుంచి తీస్తారు, అది త్వరలోనే మానిపోతుంది. పాత పద్ధతిలో మంచి కంటి నుంచి చాలా పెద్ద ముక్కలు తీయాల్సి వచ్చేదట. అయినా ముందు ఆ కుడి కన్ను అంచును కూడా పరీక్షించారు, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ పరీక్ష చెయ్యకుండా మంచి కన్ను ముట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి. ఇప్పుడు ఆయన కుడి కన్ను చూస్తే ఎక్కడ తీశారో నాకు కూడా తెలియడం లేదు.

ఈ పద్ధతి పుట్టింది మన హైదరాబాద్‌లోనే అని తెలిసి చాలా సంతోషం వేసింది. అంతకుముందు 1997లో ఇటలీ డాక్టర్లు ఈ కణాలను ల్యాబ్‌లో పెంచి కంటికి అతికించారు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కూడా 2001 నుంచి అలా ల్యాబ్‌లో పెంచి పెట్టేవారు. దానికి ప్రత్యేకమైన ల్యాబ్ కావాలి, ఖర్చు ఎక్కువ, ఆపరేషన్ రెండుసార్లు. 2012లో అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబ్ అక్కర్లేకుండా, కణాలు నేరుగా కంటి మీదే పెరిగేలా ఈ పద్ధతిని ప్రకటించింది. స్లెట్ అంటే 'సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్', మొదటి అక్షరం 'సింపుల్' అనే మాటకే. ఇప్పుడు వేరే దేశాల్లో కూడా చేస్తున్నారు. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన విరాళంతో, గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఆసుపత్రి అది. డబ్బు కట్టలేనివాళ్ళకి ఎంత పెద్ద ఆపరేషన్ అయినా ఉచితంగా చేస్తారు. ఈ సంగతి మన పల్లెల్లో ఇంకా చాలామందికి తెలియదు.

ఆపరేషన్ రోజు పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. పెద్దవాళ్ళకి కంటి పక్క ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, పిల్లలకి పూర్తి మత్తు ఇస్తారు. ముందు నల్లగుడ్డు మీద పాకిన పొరంతా ఒలిచేస్తారు. ఆ స్థలంలో కాన్పు అయినప్పుడు వచ్చే మాయ నుంచి తీసి శుద్ధి చేసిన పల్చటి పొర పరిచి, జిగురుతో అతికిస్తారు. మంచి కంటి నుంచి తీసిన ముక్కను ఎనిమిది పది చిన్న ముక్కలు చేసి, నల్లగుడ్డు మధ్యభాగం వదిలేసి చుట్టూ పేరుస్తారు. మళ్ళీ జిగురు, పైన ఒక కాంటాక్ట్ లెన్స్. ఆయన లోపల ఉన్నంతసేపూ నేను బయట కుర్చీలో కూర్చుని స్తోత్రాలు చదువుకున్నాను. బయటికి వచ్చాక నొప్పి కన్నా ఆకలి ఎక్కువగా ఉందన్నాడు.

మర్నాడు కట్టు విప్పినప్పుడు నన్ను కూడా చూడమన్నారు. లెన్స్ కింద, గుడ్డు చుట్టూ గుండ్రంగా తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటీ ఆవగింజలో సగం కూడా లేదు. ఇంత చిన్నవాటి కోసమా ఇంత దూరం వచ్చాం అనిపించింది ఆ నిమిషంలో.

తర్వాత చెకప్‌లలో నాకు బాగా నచ్చింది ఒక పరీక్ష. కంట్లో పసుపు రంగు మందు చుక్క వేసి నీలం లైట్‌లో చూస్తారు. పైపొర లేని చోట ఆ మందు అంటుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు గుడ్డు మొత్తం పచ్చగా ఉంది. ఆ తర్వాత ముక్కల చుట్టూ నల్లగా ఖాళీలు ఏర్పడ్డాయి. ఇంకోసారికి ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి, మధ్యలో చిన్న పచ్చ మచ్చ మాత్రం మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు. పొర పెరగడం నా కళ్ళతో నేను చూశాను. డాక్టర్ గారిని అడిగి ప్రతిసారీ స్క్రీన్ ఫొటో తీసుకున్నాను, మీరూ తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా కన్ను ఎర్రబడి టెన్షన్ పడినప్పుడు పాత ఫొటోతో పోల్చి చూసుకోవచ్చు, వేరే డాక్టర్‌కి చూపించడానికీ పనికొస్తాయి.

ఆపరేషన్ కన్నా కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. చుక్కల మందులు మూడు రకాలు, ఒక్కోదానికి ఒక్కో టైము, స్టెరాయిడ్ చుక్కలు వారం వారం తగ్గిస్తూ పోవాలి. ఆ చీటీ మొత్తం ఇంగ్లిషులో ఇచ్చారు. మాకు నచ్చని విషయం ఇదొకటి. నేను పదో తరగతి వరకు చదివాను కాబట్టి కూడబలుక్కుని చదివాను, ఏమీ చదువుకోని అత్తలూ అమ్మలూ ఎలా వేస్తారు? చివరికి సీసాలకి నా బొట్టుబిళ్ళలు అంటించాను. స్టెరాయిడ్‌కి ఎర్రది, యాంటీబయాటిక్‌కి ఆకుపచ్చది, కన్ను తడిగా ఉండే మందుకి మెరూన్ రంగుది. క్యాలెండర్‌లో కూడా అవే రంగులు. నేను పనికి వెళ్ళినప్పుడు మా అత్తమ్మ తప్పు లేకుండా వేసింది. స్టెరాయిడ్ వల్ల కొందరికి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, అందుకే చెకప్‌లు మానకూడదు. ఆయనకి మధ్యలో కొంచెం పెరిగితే మందు మార్చారు.

లెన్స్ ఊడితే మనం పెట్టకూడదు, తడిగుడ్డతో తుడవకూడదు, తలస్నానం వద్దు, పొయ్యి పొగ దగ్గరికి వెళ్ళొద్దు. కన్ను నలిపితే నాటిన ముక్కలు ఊడిపోవచ్చు. ముక్కలు ఊడితే ఆపరేషన్ నిలబడకపోవచ్చట. మా ఆయనకి నిద్రలో కన్ను నలుపుకునే అలవాటు. ప్లాస్టిక్ షీల్డ్ పెట్టి టేపు వేసి, దాని మీద చేతి రుమాలు కట్టి పడుకోబెట్టేదాన్ని. బాగా విసుక్కున్నాడు, అయినా కట్టాను.

ఫలితం ఎలా ఉందంటే: ఎరుపు పోయింది. నీళ్ళు కారడం ఆగింది. నల్ల కళ్ళద్దాలు లేకుండా ఎండలో వాకిట్లో కూర్చుని పేపర్ తిరగేస్తున్నాడు, అంతకుముందు ట్యూబ్‌లైట్ కూడా ఆర్పేయమనేవాడు. చూపు విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఈ ఆపరేషన్ బాగుచేసేది పైపొరను. కింద కార్నియాలో మచ్చ ఉంటే అది అలాగే ఉంటుంది. ఇంతకుముందు ఆ కంటికి చెయ్యి ఊపితే నీడ మాత్రం తెలిసేది. ఇప్పుడు వేళ్ళు లెక్కపెడతాడు, బస్సు దగ్గరికొచ్చాక బోర్డు మీద పెద్ద అక్షరాలు చదువుతాడు. ఆయన పనికి అది తక్కువేమీ కాదు. ఒక్క కంటితో నిచ్చెన దిగేటప్పుడు కింది మెట్టు ఎంత లోతులో ఉందో తెలిసేది కాదు, కాలితో తడుముకునేవాడు. ఇప్పుడు చూసుకుని దిగుతున్నాడు. పనిలో కళ్ళద్దాలు పెట్టకుండా డ్రమ్ము దగ్గరికి ఎవర్నీ రానివ్వడు.

అందరికీ పని చేస్తుందా అంటే చెయ్యదు. ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి వాళ్ళు 125 మందికి చేసి 2016లో లెక్క రాశారు, అందులో 65 మంది పెద్దవాళ్ళు, 60 మంది పిల్లలు. వాళ్ళలో 95 మందికి, అంటే నూటికి 76 మందికి, పైపొర నిలబడింది. యాసిడ్ పడినవాళ్ళకి, రెప్ప లోపలి భాగం గుడ్డుకి బాగా అతుక్కుపోయినవాళ్ళకి, కార్నియా కూడా కలిపి మార్చినవాళ్ళకి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. నాలుగింట ఒకరికి నిలవదని తెలిసే సంతకం పెట్టాం.

వెయిటింగ్ హాల్‌లో ఒక డిగ్రీ చదివే అమ్మాయి పరిచయమైంది. ఏదో మాత్ర పడక ఒళ్ళంతా బొబ్బలొచ్చి, రెండు కళ్ళూ దెబ్బతిన్నాయి. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారట. ఆ అమ్మాయికి తీయడానికి మంచి కన్నే లేదు, పైగా కళ్ళలో తడి లేదు. ఎండిన కంటి మీద ఇది పెట్టినా బతకదు. రెండు కళ్ళూ పోయినవాళ్ళకి రక్తసంబంధీకుల నుంచో, ఐ బ్యాంకు కళ్ళ నుంచో తీసి పెడతారు గానీ, శరీరం దాన్ని తిప్పికొట్టకుండా చాలాకాలం గట్టి మందులు వాడాలి. కొందరికి కృత్రిమ కార్నియా పెడతారు. మా ఆయన కణాలు ఆయనవే కాబట్టి అలాంటి మాత్రలేమీ అవసరం పడలేదు. ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాకే మా అదృష్టం ఎంతటిదో నాకు తెలిసింది. ప్రత్యేకమైన పెద్ద లెన్సులతో తనకి కొంత ఉపశమనం ఉందని చెప్పింది.

ఖర్చు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది, అంకె రాస్తే మీరు దాన్నే పట్టుకుంటారని రాయడం లేదు. బిల్లులో జిగురు, మాయ పొర, లెన్స్ విడివిడిగా రాస్తారు, ముందే కాగితం మీద రాయించుకోండి. ఉచిత విభాగం ఉందా, మీ కార్డు చెల్లుతుందా అని కౌన్సెలర్‌ని మొదటి రోజే అడగండి. మా కౌన్సెలర్ గబగబా చెప్పేసింది, మళ్ళీ చెప్పమని అడిగితే ముఖం చిట్లించింది. ఆ ఒక్కచోట మార్కులు తీసేస్తాను. డాక్టర్లకీ, డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్లకీ మాత్రం ఐదుకి ఐదు. మొత్తం మీద స్లెట్‌కి నేను ఇచ్చేది నాలుగున్నర, చీటీ తెలుగులో ఇచ్చి ఉంటే ఆ అర కూడా ఇచ్చేదాన్ని.

ఇప్పుడు మా ముందున్న ప్రశ్న మళ్ళీ కార్నియా మార్చాలా వద్దా అన్నది. అంచు నిలబడింది కాబట్టి ఈసారి పెడితే నిలిచే అవకాశం చాలా మెరుగు అంటున్నారు. మా ఆయన వెంటనే చేయించుకుందామంటున్నాడు. ఇంకొకరు దానంగా ఇచ్చిన కార్నియా తీసుకునే ముందు ఇంకో ఎండాకాలం, ఇంకో వానాకాలం ఈ పొర ఇలాగే ఉంటుందో లేదో చూద్దామని నేనంటున్నాను. డాక్టర్ గారు కూడా తొందరేమీ లేదన్నారు. వచ్చే చెకప్‌లో స్కాన్ తీసి, మచ్చ ఎంత లోతుందో చూసి చెబుతామన్నారు.